పాలిటెక్నిక్ వెబ్ ఆప్షన్లు బయటివాళ్ల చేతికి ఇవ్వకండి

పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరడానికి రాసే పాలిసెట్ పరీక్ష ర్యాంకులు వచ్చిన వారానికే ఇంటికి ఒక మనిషి వస్తాడు. చేతిలో రంగుల కరపత్రాలు, ఫోనులో మన పిల్లవాడి హాల్‌టికెట్ నంబరు. ఆ నంబరు నీకెవరిచ్చారని అడిగేవాళ్లు తక్కువ. మంచినీళ్లిచ్చి కూర్చోబెడతాం. బస్సు ఉచితం, యూనిఫాం ఉచితం, ఫీజు ప్రభుత్వమే కడుతుంది, ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో వరుసగా నమోదు చేసే వెబ్ ఆప్షన్లు మేమే పెట్టిస్తాం, మీరు శ్రమపడనక్కర్లేదు అంటాడు. పాస్‌వర్డ్ తీసుకుంటాడు, ఫోనుకు వచ్చిన ఓటీపీ అడుగుతాడు, వెళ్తూ వెళ్తూ పదో తరగతి మెమో, టీసీ కూడా సంచిలో పెట్టుకుంటాడు. మూడేళ్ల చదువు, ఆ తర్వాతి బతుకుతెరువు ఆ పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఇది మర్యాదస్తుల వ్యవహారం కాదు. ఆ మనిషికి తలకింత చొప్పున డబ్బు వస్తుంది. అతను పెట్టే ఆప్షన్ల జాబితాలో ఒకే కాలేజీ ఉంటుంది, మహా అయితే అదే యాజమాన్యానిదే మరొకటి. ఐదువేల ర్యాంకు వచ్చి, జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ దొరికే అవకాశమున్న కుర్రవాడు, ల్యాబ్ అంటే తాళం వేసిన గది మాత్రమే అయిన కాలేజీలో చేరడం నేను కళ్లారా చూశాను. తర్వాత కళ్లు తెరిచి వెళ్లిపోతామంటే, మూడేళ్ల ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. కూలి పనికి వెళ్లే తండ్రి ఎక్కడి నుంచి తెస్తాడు?

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, ఆ చదువుతోనే ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. ఏటా మే, జూన్ నెలల్లో బంధువుల పిల్లల, తోటి ఉద్యోగుల పిల్లల ర్యాంకు కార్డులు నా ఫోనుకు వస్తూనే ఉంటాయి. అందరికీ విడివిడిగా చెప్పేది ఒకటే కనుక ఇక్కడ రాస్తున్నాను. ఆ ఆప్షన్ల జాబితా మీ ఇంట్లో, మీ పిల్లలతో కలిసి కూర్చుని మీరే రాయండి. ముందు కాగితం మీద రాయండి, రెండు రోజులు దాన్ని గోడకు అంటించి పెట్టండి, ఆ తర్వాతే కంప్యూటర్ ముందుకు వెళ్లండి.

ఈ పద్ధతిలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఎన్ని ఆప్షన్లైనా పెట్టుకోవచ్చు, వరుసే ముఖ్యం. మీ ర్యాంకు, రిజర్వేషన్, స్థానికత చూసి, మీ జాబితాలో పైనుంచి కిందికి వస్తూ దొరికే మొదటి సీటు ఇస్తారు. పైన రాసింది రాకపోతే కిందివాటికి నష్టమేమీ ఉండదు. కాబట్టి 'మనకు రాదులే' అని మంచి కాలేజీని వదిలేయడం శుద్ధ దండగ. రాకపోతే పోయేదేమిటి? గుర్తుంచుకోవలసినవి మాత్రం రెండున్నాయి. సీట్ల కేటాయింపు రెండో విడతలో కొత్త సీటు వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది కనుక, చేతిలో ఉన్నదానికంటే నిజంగా మేలనిపించేవే అప్పుడు పెట్టాలి. విడతలన్నీ అయ్యాక మిగిలిన సీట్లకు జరిగే స్పాట్ అడ్మిషన్‌లో చేరితే, ప్రభుత్వమే ఫీజు కట్టే రీయింబర్స్‌మెంట్ వర్తించదు. 'తొందరేముంది, చివర్లో చూద్దాం' అనేవాళ్లు ఈ రెండోదాన్ని బాగా వినాలి.

ఇక బ్రాంచి. ఇక్కడ నాకు కోపం ఇంకొంచెం ఎక్కువ. ఎవరిని అడిగినా కంప్యూటర్సే. ఎందుకు అంటే సాఫ్ట్‌వేర్ అంటారు. పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమాతో సాఫ్ట్‌వేర్ కంపెనీ గేటు దాటేవాళ్లు ఎంతమంది? ఆ కంపెనీలు ఎక్కువగా అడిగేది డిగ్రీ, బీటెక్. అంటే కంప్యూటర్స్ డిప్లొమా చేసినవాడు దాదాపు తప్పనిసరిగా ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరాలి. ఆ ఉద్దేశం, ఆ స్తోమత ఉండి, పిల్లవాడికి నిజంగా కోడింగ్ మీద ఇష్టముంటే మంచిదే, చేర్చండి. కానీ 'మూడేళ్లకు ఏదో ఒక ఉద్యోగం వస్తే ఇల్లు గడుస్తుంది' అనుకునే కుటుంబం ఆ బ్రాంచిని ఎంచుకుంటే, అది ఎవరో వేసిన బాటలో తెలియక నడవడమే.

డిప్లొమా అర్హతతోనే ఉన్న ఉద్యోగాలు చూడండి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జూనియర్ ఇంజనీర్ పరీక్ష పెట్టేది సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకే. కేంద్ర ప్రజాపనుల శాఖ, మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్, కేంద్ర జల సంఘం లాంటి చోట్లకు ఆ దారినే వెళ్తారు. రైల్వేలో జూనియర్ ఇంజనీరుకు ఈ మూడింటితోపాటు ఎలక్ట్రానిక్స్ వాళ్లకూ చోటుంది. రైలింజను నడిపేవారికి సహాయకుడైన అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, ఆటోమొబైల్ డిప్లొమాలు పనికొస్తాయి. ఇస్రో టెక్నికల్ అసిస్టెంట్ పోస్టుకు అడిగేది మొదటి శ్రేణిలో పాసైన డిప్లొమా. విద్యుత్ పంపిణీ సంస్థల్లో సబ్ ఇంజనీరు పోస్టు ఎలక్ట్రికల్ వాళ్లది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలకు ఇంజనీరింగ్ అసిస్టెంట్లను తీసుకున్నప్పుడు సివిల్, మెకానికల్ డిప్లొమా వాళ్లకు తలుపులు తెరుచుకున్నాయి. నోటిఫికేషన్లు ఏటా రావు, పోటీ తీవ్రంగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ దరఖాస్తు చేయడానికి అర్హతే లేకపోవడం వేరు, పోటీ ఉండటం వేరు.

ఇదే మాట ఇంటర్మీడియట్‌తో పోల్చేవాళ్లకూ చెబుతాను. 'పాలిటెక్నిక్‌కు పోయేది చదువు రానివాళ్లు' అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. రెండేళ్ల ఇంటర్‌కు లక్షలు పోసి, చివరికి చేతిలో మిగిలేది మరో ప్రవేశ పరీక్షకు అర్హత. డిప్లొమా చేసిన పిల్లవాడు పద్దెనిమిది, పందొమ్మిదేళ్లకు ఉద్యోగానికీ అర్హుడే, బీటెక్ రెండో ఏడాదికీ అర్హుడే. అదీ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఏడాదికి ఐదు వేల లోపు ఫీజుతో. ఇందులో చిన్నతనం ఎక్కడుంది?

ఇంకో బాధ ఏమిటంటే, చాలా ఇళ్లలో నాలుగైదు బ్రాంచీల పేర్లు తప్ప మిగతావి వినను కూడా వినరు. మైనింగ్ ఉంది. కొత్తగూడెం, బెల్లంపల్లి వైపు సింగరేణి నీడలో పెరిగిన పిల్లలకు దాని సంగతి తెలుసు, మిగతా జిల్లాలకు తెలియదు. ఆ డిప్లొమాతో గనుల భద్రతా విభాగం ఇచ్చే ఓవర్‌మన్ (గనిలో పనిని, భద్రతను చూసే పర్యవేక్షకుడు) సర్టిఫికెట్ దాకా వెళ్లినవాడికి దేశంలో ఏ బొగ్గు గనిలోనైనా విలువ ఉంటుంది. లోహాల చదువు మెటలర్జీ ఉంది, కెమికల్ ఉంది. ఉక్కు, మందులు, సిమెంటు, పెయింట్లు తయారయ్యే రాష్ట్రాల్లో ఉంటూ ఈ పేర్లు వినగానే మొహం చిట్లిస్తే ఎలా? పాలిసెట్‌తో సంబంధం లేని దారులూ ఉన్నాయి. హైదరాబాద్ బాలానగర్‌లోని కేంద్ర టూల్ డిజైన్ సంస్థలో పదో తరగతి తర్వాత టూల్, డై, మౌల్డ్ (లోహాన్ని, ప్లాస్టిక్‌ను ఆకారంలోకి తెచ్చే పరికరాలు, అచ్చులు) తయారీ మీద నాలుగేళ్ల డిప్లొమా ఉంది. ప్రవేశ పరీక్ష వేరు, మిషన్ల మీద పని గట్టిగా నేర్పిస్తారు. ప్లాస్టిక్స్ మీద కేంద్ర సంస్థ సిపెట్ నడిపే డిప్లొమాలు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఉన్నాయి. తెలంగాణలో వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిధిలోని వ్యవసాయ డిప్లొమాలకు కూడా పాలిసెట్ ర్యాంకే చూస్తారు. ఇవేవీ ఇంటికి వచ్చే మనిషి కరపత్రంలో ఉండవు. ఎందుకు ఉంటాయి?

బ్రాంచి ముందా, కాలేజీ ముందా అని అడుగుతారు. నేనైతే కాలేజీనే ముందు పెడతాను. పనిచేసే వర్క్‌షాపు ఉన్న చోట రెండో ఇష్టమైన బ్రాంచి చదివినా పని వస్తుంది. ఏమీ లేని చోట మొదటి ఇష్టం చదివినా కాగితమే వస్తుంది. డిప్లొమా అంటే చేతి చదువు. లేత్ మీద ఇనుము తిప్పకుండా మెకానికల్, కోణాలు కొలిచే థియోడొలైట్‌లో కన్ను పెట్టకుండా సివిల్, మోటారు విప్పి బిగించకుండా ఎలక్ట్రికల్ చదివితే అది ఈత పుస్తకం చదివి గోదావరిలో దూకడమే.

అందుకే ఆప్షన్లు పెట్టే ముందు ఒక పనిదినాన కాలేజీకి వెళ్లండి. ఆదివారం వద్దు, వాళ్లు పిలిచిన రోజు అసలే వద్దు. వర్క్‌షాపు చూస్తామనండి. లేత్ మిషను కింద ఇనుప రజను ఉందా, దుమ్ము ఉందా చూడండి. ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని వినేదానికంటే క్యాంటీన్ దగ్గర మూడో సంవత్సరం కుర్రవాణ్ణి పక్కకు పిలిచి అడిగేది ఎక్కువ ఉపయోగం. మీరు ఈ ఏడాది సర్వేకి ఎన్నిసార్లు బయటికి వెళ్లారు? ల్యాబ్ రికార్డు మీరే ప్రయోగం చేసి రాశారా, పాతది చూసి దించారా? మూడో ఏడాదిలో చాలా బ్రాంచీలకు ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ ఉంటుంది, దానికి మిమ్మల్ని ఎక్కడికి పంపారు? ఈ ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబుతో కాలేజీ రంగు బయటపడుతుంది. కొన్నిచోట్ల ఆ ఆరు నెలలూ పిల్లలు ఇంట్లో ఉండి, డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకుంటారు.

ప్రభుత్వ కాలేజీలన్నీ స్వర్గాలని నేను అనడం లేదు. ఖాళీ పోస్టులు, కాంట్రాక్టు అధ్యాపకులు, రిపేరుకు ఎదురుచూసే మిషన్లు అక్కడా ఉన్నాయి, వాటిని నింపని ప్రభుత్వాలను నిలదీయాలి కూడా. మంచి ప్రైవేటు కాలేజీలూ ఉన్నాయి. అయినా 1946లో మొదలైన కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్ లాంటి చోటో, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్ ప్రభుత్వ పాలిటెక్నిక్ లాంటి చోటో సీటు వచ్చే ర్యాంకు ఉండి, ఇంటి ముందుకు బస్సు వస్తుందని పక్క ఊరి కాలేజీలో చేరడాన్ని నేను ఒప్పుకోలేను. పాత కాలేజీకి పాత విద్యార్థులుంటారు. ఫ్యాక్టరీలోనో ఆఫీసులోనో మన కాలేజీవాడు ఒకడు కనిపిస్తే, అప్రెంటిస్‌గా చేరే రోజున ఆ పరిచయం ఎంత ధైర్యమిస్తుందో అనుభవించినవాడికే తెలుస్తుంది. డిప్లొమా తర్వాత ఏడాది అప్రెంటిస్‌షిప్ మంచి సంస్థలో దొరికితే వదలవద్దు. స్టైపెండ్ తక్కువని చూడవద్దు.

బీటెక్ దాకా వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. ఈసెట్‌లో 200 మార్కులుంటే మన బ్రాంచి సబ్జెక్టుకు 100, లెక్కలకు 50, భౌతిక, రసాయన శాస్త్రాలకు 25 చొప్పున. డిప్లొమాలో భౌతిక, రసాయన శాస్త్రాలు మొదటి ఏడాదితోనే ముగుస్తాయి. ఆ నోట్సు పారేయకండి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలు మొదటి ఏడాది ఇంగ్లీషు పుస్తకాలు చూసి బెంబేలెత్తుతారు, కొందరు అక్కడే మానేస్తారు. ఆ మొదటి ఆరు నెలలు ఇంట్లోవాళ్లు పక్కన నిలబడాలి. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో మొదట బోల్తా పడనివారు అరుదు, మానేయడానికి అది కారణం కాదు.

అమ్మాయిల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వాళ్ల ఆప్షన్లలో కంప్యూటర్స్, ఎలక్ట్రానిక్స్ తప్ప మరేమీ కనబడవు, కాలేజీ కూడా ఇంటికి దగ్గరిదే. సివిల్ అంటే ఎండలో తిరగాలి, ఎలక్ట్రికల్ అంటే స్తంభాలెక్కాలి, మెకానికల్ అంటే మసి అంటుకుంటుంది అని పెద్దలే కొట్టేస్తారు. సబ్ ఇంజనీరు పని స్తంభాలెక్కడం కాదు, ఎక్కేవాళ్లతో సురక్షితంగా పని చేయించడం. భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షణ పనులకు మహిళలను 2019 నుంచి కేంద్ర ప్రభుత్వమే అనుమతిస్తోంది. దేశం గని లోపలికి రమ్మంటుంటే ఇంట్లో మనం సర్వే గొలుసు కూడా పట్టనివ్వడం లేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో మహిళలకు రిజర్వేషన్ ఉండి కూడా, చదివినవాళ్లు లేక అవకాశం చేజారితే ఎవరి తప్పు? మహిళా పాలిటెక్నిక్‌లున్నాయి, వాటిలో కొన్నింటికి హాస్టళ్లూ ఉన్నాయి. వెళ్లి గదులు చూడండి, వార్డెన్‌తో మాట్లాడండి, భయముంటే నెలకు రెండుసార్లు వెళ్లి రండి. మీ అమ్మాయి కాగితం మీద మొదటి వరుసలో సివిల్ రాసుకుంటే, ఎందుకు రాసిందో అడిగి తెలుసుకోండి. కొట్టివేత మాత్రం పెట్టకండి.