గీత నుంచి కోత దాకా

ఆర్కిటెక్చర్ కళాశాలల్లో డ్రాయింగ్ బోర్డుల స్థానంలోకి కంప్యూటర్లు వచ్చి చాలాకాలమైంది. అయిదేళ్ల బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) ముగిసేలోగా విద్యార్థులు ఆటోక్యాడ్, రెవిట్, రైనో వంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లలో చేయి తిరిగినవారవుతున్నారు. తెరమీద అలవోకగా వంచిన గోడ ఇటుకలోనో కొయ్యలోనో రేకులోనో ఎలా నిలబడుతుందన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం ఆ చదువు తడబడుతోంది. భవనం ఎలా ఉంటుందో చూపే ధగధగలాడే కంప్యూటర్ బొమ్మ (రెండరింగ్) మార్కులు వేసే జ్యూరీ ముందుకు చేరడంతోనే చాలాచోట్ల సెమిస్టరు ముగుస్తోంది.

విచిత్రమేమిటంటే, కంప్యూటర్ ఆదేశాలతో కోసే సీఎన్‌సీ యంత్రం కళాశాలకన్నా ముందే బజారుకు చేరింది. పూజగది తలుపులకు జాలీలు కోసే సీఎన్‌సీ దుకాణాలు మన పట్టణాలకు కొత్త కాదు. గుండ్రంగా తిరిగే కోత ములికి (బిట్) లోపలి మూలను పదునుగా కోయలేదనీ, 6 మిల్లీమీటర్ల బిట్ అక్కడ 3 మిల్లీమీటర్ల వంపును మిగిలిస్తుందనీ, చదరపు ముక్క అందులో కూర్చోవాలంటే మూలను కాస్త అదనంగా తొలవాలనీ అక్కడి ఆపరేటరుకు తెలుసు. 18 మిల్లీమీటర్లని అమ్మే ప్లైవుడ్ తరచూ అంతకంటే పలచగా ఉంటుందనీ, కొలవకుండా గాడి కోస్తే జాయింటు వదులవుతుందనీ తెలుసు. ఆర్కిటెక్టు ఫైలులో కలవని గీతలను సరిచేసేదీ ఆయనే. ఆ సవరణల్లో డిజైన్‌లో ఏది ఉండాలో, ఏది పోవాలో గీసినవారి ప్రమేయం లేకుండానే తేలిపోతోంది. మా ఆందోళనంతా గీతకూ కోతకూ మధ్య తెగిన ఈ లంకె గురించే.

గీసినదాన్ని యంత్రంతో తయారుచేయడాన్ని చదువులో భాగం చేస్తే ఏమవుతుందో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయం చూపింది. గ్రమాజియో, కోలర్ అనే ఆర్కిటెక్టులు 2005లో అక్కడ రోబో ప్రయోగశాల నెలకొల్పారు. మరుసటి ఏడాదే స్విట్జర్లాండ్‌లోని ఫ్లాష్ గ్రామంలో ఒక వైన్ తయారీశాల గోడలకు దాదాపు 20,000 ఇటుకలను రోబో పేర్చింది. ఒక్కో ఇటుక ఎంత కోణంలో తిరగాలో ప్రోగ్రాం నిర్ణయించింది. సందుల్లోంచి తగినంత వెలుతురే లోపలికి వస్తుంది. దూరం నుంచి చూస్తే గోడమీద ద్రాక్షపళ్లు పోగుపోసినట్టుంటుంది. అన్ని వేల ఇటుకలకు విడివిడిగా డ్రాయింగు గీయబూనడం వృథా ప్రయాస. పేర్చే పద్ధతినే రాయగలిగినవారికి ఆ గోడ సాధ్యమైంది.

ఇదంతా సంపన్న దేశాల ముచ్చట అనడానికి లేదు. మహారాష్ట్రలోని పాబల్ అనే పల్లెలో విజ్ఞాన్ ఆశ్రమ్ అనే విద్యాసంస్థ 2002లోనే అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో, కంప్యూటర్ యంత్రాలతో వస్తువులు తయారుచేసే కార్యశాల (ఫ్యాబ్ ల్యాబ్) నడిపింది. హైదరాబాద్‌లో ప్రభుత్వం నెలకొల్పిన నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ 2023లో తలుపులు తెరిచింది. అదే ఏడాది సిద్దిపేట జిల్లా బూరుగుపల్లిలో 3డీ ప్రింటింగ్‌తో ఆలయమే లేచింది.

మాస్టర్ డిగ్రీలో ఒక ఐచ్ఛికాంశంగా ఈ యంత్ర తయారీని చేర్చి చేతులు దులుపుకోవడం చాలదు. లేజర్ కట్టర్‌తో అట్టముక్కలు కోసి నమూనా అతికించడమూ ఇందుకు సరిపోదు. నూరో వంతు నమూనాకు బరువు తెలియదు, వాన తెలియదు. విద్యార్థి తన ఫైలుతో తానే కోసి బిగించిన అసలు పరిమాణపు భాగం ఒకటైనా, అది ఒక కిటికీయే కానివ్వండి, డిజైన్ స్టూడియోలో మార్కులకు రావాలి. పాఠ్యప్రమాణాలు నిర్దేశించే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ దీన్ని తప్పనిసరి చేయాలి. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్ఏఎఫ్ఏయూ), విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్పీఏ) వంటి సంస్థలు బజారులోని అనుభవజ్ఞులైన ఆపరేటర్లను బోధకులుగా పిలవడానికి మొహమాటపడనక్కర్లేదు. ముందు అధ్యాపకులకు యంత్రం మీద శిక్షణ, ఆ తర్వాత ఆపరేటరు పోస్టు మంజూరు, చివరగా కొనుగోలు టెండరు: ఈ వరుస తిరగబడితే కొత్త యంత్రం గుడ్డ కప్పుకుని మూలన పడి ఉంటుంది.