ఎదుటి జట్టు మైదానం వదిలాక

సెప్టెంబరు నెలాఖరు వచ్చిందంటే మా మేనల్లుడికి దసరా కంటే ముందే ఒక పండగ. ఈఏ స్పోర్ట్స్ కంపెనీ కొత్త ఫుట్‌బాల్ గేమ్ వచ్చేది అప్పుడే. 2023లో సెప్టెంబరు 29న వచ్చింది, 2024లో 27న, 2025లో 26న. వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఉంటూ ఇంటర్ చదువుతున్న ఆ కుర్రాడు "మావయ్యా, ఈసారి కొనమంటావా?" అని అడిగాడు. "పోయినేడు దానికీ దీనికీ తేడా ఏటిరా?" అన్నాను. కాసేపు ఆలోచించాడు. "ఆటగాళ్లు క్లబ్బులు మారారు, జెర్సీలు మారాయి. నేను ఏడాదంతా కూడబెట్టిన కార్డులు ఇందులో పనికిరావు, మళ్లీ మొదట్నుంచి కట్టుకోవాలి" అన్నాడు. బంతి ఎలా కదులుతుందో మాత్రం వాడు చెప్పలేదు.

ఇదే ప్రశ్న 2005లో ఎవరైనా నన్ను అడిగి ఉంటే బంతి గురించే అరగంట మాట్లాడేవాణ్ని.

అప్పట్లో జగదాంబ సెంటర్ వెనక సందులో మేం వెళ్లే గేమ్ పార్లర్లో నాలుగు ప్లేస్టేషన్ 2లు ఉండేవి. గంటకు పాతిక రూపాయలు. సొంతంగా కొనుక్కునే స్తోమత మాలో ఎవరికీ లేదు. కుర్రాళ్లు రెండు బ్యాచ్‌లుగా ఉండేవారు, ఫిఫా బ్యాచ్, వినింగ్ ఎలెవెన్ బ్యాచ్. నాది రెండోది. డిస్కు జపాన్‌ది, మెనూలో ఒక్క అక్షరం అర్థమయ్యేది కాదు. ఏ వరసలో నొక్కితే మ్యాచ్ మొదలవుతుందో వేళ్లకే గుర్తుండేది. అయినా అదే కావాలనేవాళ్లం, ఎందుకంటే అందులో బంతి ఆటగాడి కాలికి అతుక్కుపోయేది కాదు. పాస్ కొంచెం గట్టిగా ఇస్తే పక్కకు జారిపోయేది. అలసిన డిఫెండర్ వెనక్కి తిరగడానికి ఒక్క క్షణం ఎక్కువ పట్టేది. గోల్ కొట్టినప్పుడు అది మనం కొట్టిన గోల్ అనిపించేది.

ఆ రెండు బ్యాచ్‌ల వెనక పెద్ద కథే ఉంది. 1993 డిసెంబరులో ఈఏ తన మొదటి ఫిఫా గేమ్‌ను తెచ్చింది. మైదానాన్ని పైనుంచి ఏటవాలుగా చూపించడం అప్పటికి కొత్త. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా పేరు దొరికింది గానీ అసలు ఆటగాళ్ల పేర్లు అందులో లేవు. జపాన్‌లో కొనామి అనే కంపెనీ తన దారిన తాను ఫుట్‌బాల్ గేమ్‌లు చేస్తూ, 1995లో ప్లేస్టేషన్ కోసం వినింగ్ ఎలెవెన్‌ను మొదలుపెట్టింది. 2001 నుంచి యూరప్‌లో దానికి ప్రో ఎవల్యూషన్ సాకర్ అని పేరు పెట్టారు. అదే మన కుర్రాళ్ల నోట 'పెస్' అయింది. దాన్ని ఏళ్ల తరబడి నడిపించిన షింగో తకత్సుకకు 'సీబాస్' అన్న ముద్దుపేరు ఉందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఈఏ దగ్గర లైసెన్సులు ఉండేవి, కొనామి దగ్గర ఆట ఉండేది. ఆ కాలాన్ని ఇంతకంటే కుదించి చెప్పడం కష్టం. ప్రీమియర్ లీగ్ పేర్లు వాడుకునే హక్కు లేక కొనామి మాంచెస్టర్ యునైటెడ్‌ను 'మ్యాన్ రెడ్' అనీ, లివర్‌పూల్‌ను 'మెర్సీసైడ్ రెడ్' అనీ పిలుచుకునేది. ఒక క్లబ్బును సీజన్ల తరబడి మనమే నడిపే మాస్టర్ లీగ్ అనే విభాగంలో మొదట మన చేతికొచ్చే జట్టులో కాస్టోలో, మినాండా, గోల్‌కీపర్ ఇవరోవ్ లాంటివాళ్లు ఉండేవారు. ప్రపంచంలో ఎక్కడా లేని ఆటగాళ్లు. పరుగెత్తలేరు, సరిగ్గా కొట్టలేరు. వాళ్లతోనే సీజన్ గట్టెక్కి, పాయింట్లు పోగేసి, ఒక్కొక్కరినే మార్చుకుంటూ పోవాలి. చివరికి కాస్టోలోను అమ్మాల్సి వచ్చినప్పుడు నాకు నిజంగా బాధేసింది. లేని మనిషి మీద అంత మమకారం పుట్టించగలిగిన గేమ్ అది.

కథ అక్కడే ఆగి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు. ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 వచ్చాక తక్కెడ తిరగబడింది. కొత్త యంత్రాలకు తగ్గట్టు ఈఏ తన గేమ్‌ను అడుగునుంచి మళ్లీ కట్టుకుంది. కొనామి పాత పునాది మీదే అంతస్తులు వేస్తూ పోయింది. 2009లో వచ్చిన ఫిఫా 10లో ఆటగాణ్ని ఎనిమిది దిక్కులకే కాక చుట్టూ ఎటైనా తిప్పగలిగాం. 2011లో ఫిఫా 12 ట్యాక్లింగ్ పద్ధతినే మార్చేసింది. బటన్ నొక్కి పట్టుకుంటే డిఫెండర్ తనంతట తానే వెళ్లి బంతి లాక్కొచ్చే రోజులు పోయాయి. ఎప్పుడు కాలు పెట్టాలో మనమే తేల్చుకోవాలి. వినింగ్ ఎలెవెన్ బ్యాచ్‌వాళ్లం మాలో మేం గుసగుసలాడుకుని, ఒక్కొక్కరుగా అవతలి బల్ల దగ్గరకు జరిగాం.

ఈ మార్పులు ఈఏ మంచితనం వల్ల వచ్చాయని నేననుకోను. పక్కవాడు బాగా ఆడుతున్నాడని ఊళ్లో ప్రతి పార్లర్ చెబుతుంటే రాక తప్పలేదు. ఏటా కొత్త డిస్కు అమ్మడానికి అప్పట్లో ఒక న్యాయం ఉండేది. ఈ ఏడు వెనకబడినవాడు వచ్చే ఏడు ముందుకు రావాలి, మనం కొనేది ఆ పందెంలో తర్వాతి అడుగును.

తర్వాత పందెం మైదానంలోంచి ఒప్పంద పత్రాల మీదికి పోయింది. 2008 నుంచి పదేళ్లు కొనామి దగ్గరున్న యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ హక్కులు 2018లో ఈఏకు వెళ్లాయి. 2019లో కొనామి ఇటలీ క్లబ్బు యువెంటస్‌ను తనకు మాత్రమే దక్కేలా ఒప్పందం చేసుకుంది. దాంతో ఫిఫా 20లో రొనాల్డో ఆడే జట్టు పేరు 'పియెమోంటే కాల్చో' అయింది. ఇలా రెండు కంపెనీలూ ఎదుటివాడి గేమ్‌లో ఏం లేకుండా చేయాలా అని చూసుకున్నాయి. అభిమానికి రెండు సగం సగం గేమ్‌లు మిగిలాయి.

లైసెన్సులను నేను తేలిగ్గా తీసేయడం లేదు. 2021లో వచ్చిన ఫిఫా 22లో ఇండియన్ సూపర్ లీగ్ మొదటిసారి కనిపించింది. జట్ల పట్టికలో హైదరాబాద్ ఎఫ్‌సీ అన్న పేరు చూసి నేను కాసేపు అలాగే ఉండిపోయాను. మరుసటి మార్చిలో ఆ జట్టే లీగ్ గెలిచింది. మధురవాడ స్టేడియంలో క్రికెట్ మ్యాచ్‌కు జనం క్యూ కట్టే మా ఊళ్లో, తెల్లారి బీచ్ ఇసుకలో చెప్పులు గోల్ పోస్టులుగా పెట్టుకుని ఆడే కుర్రాళ్లకు ఒక తెలుగు నగరం పేరు బార్సిలోనా ఉన్న పట్టికలోనే కనిపించడం ఎంత సంబరమో చెప్పలేను. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ లీగ్ ఆడే జట్టే లేదు. పేరుకు విలువుంది. పేరు చూపించి ఆటను నిర్లక్ష్యం చేయడం దగ్గరే నా గొడవ.

అసలు మలుపు 2009 మార్చిలోనే వచ్చింది, మేం గమనించలేదు. ఫిఫా 09కు అదనపు విభాగంగా అల్టిమేట్ టీమ్ వచ్చింది. ఆటగాళ్లు కార్డులుగా ప్యాకెట్లలో దొరుకుతారు, లోపల ఎవరున్నారో తెరిచేదాకా తెలియదు. బడి ముందు కిళ్లీ కొట్లో రూపాయికి క్రికెటర్ల బొమ్మల ప్యాకెట్టు కొన్నవాళ్లకు ఆ ఆత్రం కొత్త కాదు. ఆ బొమ్మ పాతబడినా పుస్తకంలో ఉండేది. ఈ కార్డుకు ఏడాదే ఆయుష్షు, సెప్టెంబరులో జట్టు మళ్లీ సున్నా. 2021 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఈఏకు తన క్రీడా గేమ్‌లన్నిటి అల్టిమేట్ టీమ్‌ల మీద 162 కోట్ల డాలర్లు వచ్చాయి. కంపెనీ మొత్తం రాబడిలో అది 29 శాతం. ఆ అంకె చూశాక మిగతా సంగతులన్నీ నాకు అర్థమయ్యాయి. నాలుగైదు వేలు పెట్టి కొనే గేమ్ ఇప్పుడు గేటు టికెట్టు మాత్రమే, దుకాణాలు లోపలున్నాయి. 2022లో ఫిఫా 22, 2024లో ఎఫ్‌సీ 24 (ఫిఫా పేరు పోయాక ఈఏ గేమ్‌కు వచ్చిన పేరు ఎఫ్‌సీ), ఈ రెండూ విడుదలైన తర్వాతి మే నెలలో ప్లేస్టేషన్ ప్లస్ చందాదారులకు అదనపు డబ్బు లేకుండానే దొరికాయి. సెప్టెంబరులో పూర్తి ధర పెట్టి కొన్న కుర్రాడికి ఇది తెలియాలి.

నింటెండో స్విచ్ కొన్నవాళ్ల గతి ఇంకా అన్యాయం. ఫిఫా 20 నుంచి 23 దాకా వాళ్లకు వచ్చినవి 'లెగసీ ఎడిషన్లు'. ఆట అదే, జట్లూ జెర్సీలూ మాత్రం కొత్తవి. పెట్టె మీద ఆ మాట రాసే అమ్మారు, దాచలేదు. కానీ కొనేవాడికి అక్కడ ఇంకో కంపెనీ గేమ్ ఉండి ఉంటే వరసగా నాలుగేళ్లు అలా అమ్మగలిగేవారా?

ఆ ఇంకో కంపెనీ ఏమైందంటే, 2021 సెప్టెంబరు 30న కొనామి పెస్ పేరునే వదిలేసి ఈఫుట్‌బాల్ అని ఉచితంగా విడుదల చేసింది. ఆటగాళ్ల ముఖాలు వంకర్లు పోయాయి, చేతులు రబ్బరులా సాగాయి. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో ఆడినవాళ్ల అభిప్రాయాల ప్రకారం అతి తక్కువ రేటింగ్ వచ్చిన గేమ్‌గా నిలిచింది. తర్వాత చాలా బాగుచేశారు, ఇవాళ అది ఆడదగ్గ గేమే. అయితే తెస్తామన్న మాస్టర్ లీగ్ ఏళ్ల తరబడి మాటగానే ఉండిపోయింది. అందులోనూ కార్డులే, ప్యాకెట్లే. బంతి మీద మొదలైన పందెం చివరికి రెండు దుకాణాలూ ఒకే సరుకు అమ్మే దశకు వచ్చింది.

2022 మేలో ఈఏ, ఫిఫా విడిపోతున్నట్టు ప్రకటించినప్పుడు నాకు ఆశ కలిగింది. ఫిఫా పేరుతో ఇంకెవరైనా గట్టి గేమ్ తెస్తారేమో అనుకున్నాను. ఫిఫా 2024లో తన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్‌ను కొనామి ఈఫుట్‌బాల్ మీద నడిపించింది, ఫైనల్స్ రియాద్‌లో జరిగాయి. ఇరవై ఏళ్ల కిందట పార్లర్లో ఈ మాట చెబితే రెండు బ్యాచ్‌లూ నన్ను తరిమేవి. 2024 డిసెంబరులో యూఎఫ్ఎల్ అనే మూడో గేమ్ కూడా ఉచితంగా వచ్చింది. కొత్తవాడు రావడం మంచిదే. అయితే బంతినీ పరుగునూ ఢీకొట్టుకునే ఒళ్లనూ నమ్మేలా చేయడానికి ఏళ్లు పడుతుంది, క్లబ్బుల పేర్లకు కోట్లు కావాలి.

పోటీ లేకపోతే ఏమవుతుందో అమెరికన్ ఫుట్‌బాల్ గేమ్‌లను చూస్తే తెలుస్తుంది. 2004లో సెగా, విజువల్ కాన్సెప్ట్స్ కంపెనీలు కలిసి ఆ ఆట పెద్ద లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ పేరున్న తమ గేమ్‌ను 20 డాలర్లకే అమ్మాయి. తట్టుకోలేక ఈఏ తన ఎన్ఎఫ్ఎల్ గేమ్ మ్యాడెన్ ధరను 30 డాలర్లకు తగ్గించింది. అదే ఏడాది డిసెంబరులో ఎన్ఎఫ్ఎల్‌తో ఈఏకు ప్రత్యేక హక్కుల ఒప్పందం కుదిరింది, ఎదుటి గేమ్ ఆగిపోయింది, ఆ తగ్గింపు ధరా పోయింది. సంక్రాంతికి రైలు బెర్తులు నిండిపోయాక హైదరాబాద్ నుంచి వైజాగ్‌కు ప్రైవేటు బస్సు టికెట్టు కొన్నవాళ్లకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

చట్టం వైపు చూద్దామా? ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలన్నిటి మీద చట్టం తెచ్చింది. ఆ చట్టాల దృష్టంతా డబ్బు పెట్టి డబ్బు గెలవడం మీద. కార్డుల ప్యాకెట్టులో వెళ్లే డబ్బే గానీ తిరిగొచ్చే డబ్బు ఉండదు. బెల్జియం మాత్రం 2018లోనే ఇది జూదమేనని తేల్చింది. 2019 జనవరి చివరికి ఈఏ అక్కడ ఆ ప్యాకెట్లు కొనడానికి పనికొచ్చే ఫిఫా పాయింట్లు అమ్మడం మానేసింది. ప్యాకెట్టులో మంచి కార్డు వచ్చే అవకాశం ఎంతో ఫిఫా 19 నుంచి చూపిస్తున్నారు, అది కొంత నయం. పదిహేనేళ్ల పిల్లాడు ఆ శాతాలు చదివి ఆగిపోతాడని నేను నమ్మను.

నేను కోరేది ఏమంత వింతది కాదు, ఒకసారి జరిగినదే. 2020లో కొనామి తర్వాతి గేమ్ కోసం పని చేస్తూ, ఆ ఏడాదికి కొత్త గేమ్ బదులు పెస్ 2020కే జట్లు మార్చి, సీజన్ అప్‌డేట్ అని పేరు పెట్టి తక్కువ ధరకు ఇచ్చింది. ఇది కొత్త ఆట కాదు అని చెప్పి మరీ ఇచ్చింది. రెండేళ్లకో మూడేళ్లకో నిజంగా కొత్త ఆట, మధ్య ఏళ్లలో ఇలాంటి అప్‌డేట్, పిల్లలు కట్టుకున్న జట్టు మరుసటి ఏడాదికీ వాళ్లతో వెళ్లడం. ఈఏ ఈ పని రేపే చేయగలదు. చేయమని నెట్టే ఎదుటి జట్టే లేదు.

మా వాడితో ఇంతా చెప్పి, మే దాకా ఆగరా అన్నాను. శ్రద్ధగా విన్నాడు, కాదనలేదు. "ఆగొచ్చు మావయ్యా, కానీ మా క్లాసోళ్లు నలుగురూ మొదటి రోజే ఆన్‌లైన్‌లోకి వెళ్లిపోతారు. మే నాటికి నాతో ఆడేవాడెవడు?" అన్నాడు. నేను ఆ రోజుల్లో సైకిలేసుకుని జగదాంబ దాకా వెళ్లింది కూడా, నిజానికి, అక్కడున్న ఆ నలుగురి కోసమే.