డాక్టరుగారి కంటే ముందు పలికే గొంతు

రాత్రిపూట ఇంట్లో కుక్క ఎలుకల మందు తినేసిందని తెలిసినా, పాకలో ఆవు ఈనలేక అవస్థ పడుతున్నా మనం చేసే ఫోన్‌ని డాక్టరుగారే ఎత్తడం అరుదు. ఆయన లోపల ఆపరేషన్ బల్ల దగ్గర ఉంటారు, లేదంటే మరో ఊళ్లో మరో పశువు దగ్గర ఉంటారు. ఫోన్ ఎత్తేది కౌంటర్లో కూర్చున్న రిసెప్షనిస్టు. ఆ మొదటి రెండు నిమిషాల్లో ఆమె ఏం అడిగింది, ఏం చెప్పింది అన్నదాన్ని బట్టి ఆ మూగజీవి బతుకు చాలాసార్లు తేలిపోతుంది. అయినా దీన్ని మనం ఇప్పటికీ పేరు రాసుకుని, టోకెన్ ఇచ్చి, డబ్బులు తీసుకునే ఉద్యోగంగానే చూస్తున్నాం. ఈ చూపు మారాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. మర్యాద కోసం అంటున్న మాట కాదిది. ఉత్తరాంధ్రలో పశువులకు, పెంపుడు జంతువులకు అత్యవసర వైద్యం మెరుగుపడాలంటే మొదట పట్టించుకోవాల్సింది ఆ కౌంటర్నే.

మన దగ్గర దూరాలు ఎలా ఉంటాయో తెలిసిందే. రాత్రంతా తెరిచి ఉండే జంతువుల ఆసుపత్రి అనగానే మనవాళ్లకు విశాఖపట్నమే గుర్తొస్తుంది. విజయనగరం నుంచి అది సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 100కు పైనే. ఇచ్ఛాపురం వాళ్లకైతే విశాఖ కంటే ఒడిశాలోని బరంపురమే దగ్గర. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. మండలాల్లో ప్రభుత్వ పశువైద్యశాలలు ఉన్నాయి. 2022లో సంచార పశువైద్య వాహనాలు వచ్చాక 1962 నంబరు పల్లెలకు కూడా అలవాటైంది. ఇవన్నీ ఉన్నా అర్ధరాత్రి ఒక కుటుంబం ముందు నిలబడే ప్రశ్న మారలేదు. ఇప్పుడే కారు మాట్లాడుకుని బయల్దేరాలా, తెల్లారేదాకా ఆగొచ్చా? బయల్దేరితే డబ్బు, ఆగితే ప్రాణం. ఊళ్లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. ఫోన్లో రిసెప్షనిస్టు చెప్పాలి.

ఆమె చెప్పేది ఊరికే తోచిన మాట కాదు. ఒక ఉదాహరణ చూడండి. "మా పిల్లికి రెండ్రోజులబట్టి దొడ్డికి రావట్లేదండి, మట్టిలో కూర్చుని ముక్కుతోంది, లేచిపోతోంది" అని ఒకాయన ఫోన్ చేస్తాడు. వినగానే మలబద్ధకం అనిపిస్తుంది. అరటిపండో ఆముదమో అనుకుని రేపు రమ్మనడం తేలిక. పని తెలిసిన రిసెప్షనిస్టు ముందు ఒకే మాట అడుగుతుంది: "మగదా ఆడదా అండీ?" మగపిల్లి అయితే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. మూత్రం లోపలే నిలిచిపోతే రక్తంలో పొటాషియం పెరిగి, ఒకటి రెండు రోజుల్లోనే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆ ఒక్క ప్రశ్నతో 'రేపు రండి' కాస్తా 'ఇప్పుడే రండి' అవుతుంది.

పెద్ద జాతి కుక్క పొట్ట ఉబ్బి, ఓకరిస్తున్నా ఏమీ బయటకు రాకపోతే కడుపు మెలిపడి ఉండొచ్చు, అది గంటల వ్యవహారం. ఎలుకల మందు తిన్న కుక్క హుషారుగా తిరుగుతోందంటే ధీమా పడకూడదు. బ్రోమాడియోలోన్ రకం మందు రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, లక్షణాలు కొన్ని రోజులకు గానీ బయటపడవు. జింక్ ఫాస్ఫైడ్ అయితే గంటల్లోనే కూలదోస్తుంది. అందుకే "ప్యాకెట్ పారేయకండి, వెంట తీసుకురండి" అన్న మాట ముఖ్యం. పిల్లికి జ్వరంగా ఉందని మనుషుల పారాసెటమాల్ వేయబోతున్న ఇల్లాలిని ఆపడం ఇంకా ముఖ్యం. ఆ మందు పిల్లులకు విషం.

పల్లె నుంచి వచ్చే ఫోన్లు వేరు. "ఆవు పడిపోనాది బావూ, లెగట్లేదు" అంటాడు రైతు. ఈని ఎన్ని రోజులైందని అడిగి, నిన్నో మొన్నో అని తెలిస్తే పాలజ్వరం (ఈనాక రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బు) కావొచ్చని అవతలివాళ్లకు అనుమానం రావాలి. ఈలోగా ఇంట్లో పెద్దవాళ్లు కషాయం కాచి గొట్టంతో నోట్లో పోయడానికి సిద్ధంగా ఉంటారు. పాలజ్వరంలో పశువు సరిగ్గా మింగలేదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. "ఏమీ పోయకండి. పక్కకు వాలిపోకుండా రొమ్ము మీద కూర్చోబెట్టి, రెండు వైపులా గడ్డి బస్తాలు ఆన్చండి" అని చెప్పగలిగితే డాక్టరు కాల్షియం సీసాతో చేరేదాకా ఆవు నిలుస్తుంది. ఇక చిరునామా రాసుకోవడమే ఓ పరీక్ష. మన జిల్లాల్లో ఊరి పేర్ల చివర 'వలస'లు, 'పేట'లు, 'పుట్టుగ'లు ఎన్నో. మండలం, పంచాయతీ, రోడ్డు మీద గుర్తుగా గుడో బడో అడగకపోతే వాహనం వేరే ఊరికి పోతుంది.

రేబిస్ సంగతి మాత్రం అన్నిటికంటే పైది. కుక్క దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ, మింగలేకపోతుంటే గొంతులో ఎముక ఇరుక్కుందనే అందరూ అనుకుంటారు. నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతారు. ఆవు అలా చేస్తే మామిడి టెంకో దుంపో అడ్డం పడిందని అదే పని చేస్తారు. అది రేబిస్ అయ్యే అవకాశం ఉంది. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు మందు లేదు, మనుషులకైనా అంతే. అప్పుడు ఫోన్ ఎత్తిన మనిషి "నోట్లో చెయ్యి పెట్టకండి. టీకాలు వేయించారా? ఈమధ్య ఏదైనా కుక్క కరిచిందా? మీలో ఎవరికైనా చొంగ తగిలిందా?" అని వరసగా అడిగి, తగిలిన చోట సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడుక్కుని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోమని చెబితే, కాపాడింది ఓ కుటుంబాన్ని. ఏ రికార్డులోనూ ఆ సంగతి ఆమె పేరున నమోదు కాదు.

విజయనగరంలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఓ సాయంత్రం నేను చూసింది చెబుతాను. బెంచీల నిండా జనం. టీకా కోసం లాబ్రడార్‌ని తెచ్చిన పెద్దమనిషి ఒకాయన టోకెన్ పట్టుకుని కూర్చున్నాడు. ఇంతలో ఒకావిడ కూరగాయల బుట్టలో పిల్లిని పెట్టి, మీద తువ్వాలు కప్పి తెచ్చింది. కౌంటర్లో అమ్మాయి పేరూ ఊరూ అడగలేదు. లేచి వచ్చి తువ్వాలు అంచు కొంచెం ఎత్తింది. పిల్లి నోరు తెరిచి రొప్పుతోంది. కుక్క నోరు తెరిచి రొప్పడం మామూలే గానీ, పిల్లి అలా చేసిందంటే ఊపిరి అందడం లేదన్నమాట. బుట్ట తీసుకుని నేరుగా లోపలికి నడిచింది. పెద్దమనిషి గొంతు లేచింది. గంటనుంచి కూర్చున్నాం, మా నంబరేమైంది, తెలిసినవాళ్లకేనా ఇక్కడ అంటూ. ఆ అమ్మాయి బయటికి వచ్చి, "మీ బాబుకి టీకా అండి, దానికి ఊపిరి ఆడట్లేదు. కాసేపు ఓపిక పట్టండి" అంది, అంతే. ఆయన గొణుగుతూనే ఉన్నాడు. ఆమె ఆ గొణుగుడు వింటూనే మోగుతున్న ఫోన్ ఎత్తింది, బుట్ట తెచ్చినావిడ చేతికి మంచినీళ్లు ఇచ్చింది, అప్పుడు రిజిస్టర్ తీసి పేరు రాసింది.

అత్యవసర వైద్యంలో ముందు వచ్చినవాళ్లకు ముందు అన్న నియమం చెల్లదు. ఎవరి ప్రాణం మీదికి వచ్చిందో వాళ్లకే ముందు. మనుషుల ఆసుపత్రిలో ఈ వరస తేల్చడానికి శిక్షణ పొందిన నర్సులు ఉంటారు. జంతువుల ఆసుపత్రిలో చాలాచోట్ల ఆ పని చేస్తున్నది డిగ్రీ చదివి ఉద్యోగంలో చేరిన ఓ పాతికేళ్ల అమ్మాయి. నేర్పినవాళ్లు లేరు, చూసి నేర్చుకుంది. ఎవరిని ముందు పంపాలో నిర్ణయించే అధికారం ఆమెకు ఉందని గోడ మీద ఒక బోర్డు కూడా ఉండదు. కాబట్టి ప్రతి సాయంత్రం ఆ అధికారాన్ని ఆమె తిట్లు తిని సంపాదించుకోవాలి.

పార్వో అనే అంటువ్యాధి వచ్చిన కుక్కపిల్ల విషయంలో ఈ అధికారం ఇంకా అవసరం. రక్తవిరేచనాలతో ఉన్న, టీకా పడని పిల్లని ఒళ్లో పెట్టుకుని ఎవరైనా హాల్లోకి వచ్చేస్తే, ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. మిగతా కుక్కపిల్లలకు అంటుకుంటుంది. "మీరు ఆటోలోనే ఉండండి, డాక్టరుగారే వస్తారు" అని ఆపాల్సింది రిసెప్షనిస్టే. ఆపితే, మమ్మల్ని గుమ్మంలో నిలబెట్టేశారని కోపం. ఆపకపోతే వారం తిరక్కుండా ఇంకో నాలుగిళ్లలో ఏడుపు.

డబ్బు దగ్గర ఆమె పరిస్థితి అచ్చం అడకత్తెరలో పోకచెక్క. రేట్లు పెట్టేది యాజమాన్యం, ఏ పరీక్షలు చేయాలో రాసేది డాక్టరు, ఆ అంకె నోటితో పలకాల్సింది మాత్రం ఆమె. 'మీకు ప్రాణం కంటే డబ్బే ఎక్కువా?' అనే మాట ఆమెకే తగులుతుంది. వీధికుక్కని బండి గుద్దేస్తే మంచి మనసుతో తెచ్చిన ఆటో డ్రైవరు బిల్లు కట్టాలా? రిజిస్టర్లో 'యజమాని' అన్న గడిలో ఏం రాయాలి? ఇలాంటివి కౌంటర్లో నిలబడి తేల్చుకొమ్మని వదిలేయడం అన్యాయం. పెద్ద ఖర్చయ్యే కేసుల్లో అంచనా ఎంతో డాక్టరే స్వయంగా కుటుంబానికి చెప్పాలి. వీధి జంతువులకు ఎంతవరకు ఉచితం అన్నది యాజమాన్యం ముందే రాసిపెట్టాలి. ఈ రెండూ జరిగితే కౌంటర్ దగ్గర సగం గొడవలు ఉండవు.

ఫోన్లోనే మందు చెప్పమని బతిమాలేవాళ్లు, బెదిరించేవాళ్లు మరో తలనొప్పి. భారత పశువైద్య మండలి చట్టం, 1984 ప్రకారం వైద్యం చేయడం రిజిస్టరైన పశువైద్యుల పని. "మెడికల్ షాపులో ఏది కొనాలో ఒక్క ముక్క చెప్పండి చాలు" అని ఎంత ఒత్తిడి చేసినా చెప్పకపోవడమే ఆమె బాధ్యత. చెప్పనందుకు కసురుతారు. చెబితే జంతువు పోవచ్చు, ఉద్యోగమూ పోవచ్చు.

చావు దగ్గర కూడా ఆమే ఉంటుంది. బాగు కాని బాధలో ఉన్న ముసలి కుక్కని నిద్రపుచ్చాక, కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చిన కుటుంబం ముందు బిల్లు పెట్టాలి, మెడపట్టీ తీసి చేతికివ్వాలి. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు "ఎక్కడ పాతిపెట్టాలమ్మా?" అని అడిగితే దారి చూపాలి. అదే నిమిషంలో తొలిసారి టీకాకు వచ్చిన కుక్కపిల్లని చూసి నవ్వాలి. ఒక షిఫ్టులో ఇన్నిసార్లు మనసు మార్చుకోవడం తేలిక కాదు. డాక్టర్లలో వచ్చే మానసిక అలసట గురించి ఈమధ్య కొంత మాట్లాడుతున్నారు. ఏప్రిల్ చివరి శనివారం ప్రపంచ పశువైద్య దినోత్సవాన వాళ్లను సన్మానిస్తున్నారు, మంచిదే. ఆ వేదిక మీద కౌంటర్లో పనిచేసేవాళ్లకూ కుర్చీ వేయాలి.

కుర్చీతో ఆగితే మాత్రం అది శాలువా మర్యాదే. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో 108 మొదలైనప్పుడు మనం నేర్చుకున్నది ఒకటుంది: ఫోన్ ఎత్తే మనిషి కూడా వైద్యంలో భాగం. వాళ్లకు శిక్షణ ఉంటుంది, ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న అడగాలో వరస ఉంటుంది. జంతువుల ఆసుపత్రి కౌంటర్లకు ఆ వరస ఎవరూ తెలుగులో రాసివ్వలేదు. గరివిడి కళాశాల ఈ పనికి సరైన చోటు. నాలుగైదు రోజుల శిక్షణ, గోడకు అంటించుకునే రెండు పేజీల ప్రశ్నల పట్టిక: ఇంతే కావాలి. ప్రైవేటు క్లినిక్ల సిబ్బందినీ, ప్రభుత్వ ఆసుపత్రుల అటెండర్లనూ కలిపి కూర్చోబెట్టొచ్చు. మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో రిసెప్షనిస్టు కుర్చీ సాధారణంగా కనిపించదు. డాక్టరు లేనప్పుడు ఫోన్ ఎత్తేది అటెండరో, సహాయకుడో. వాళ్లదీ ఇదే పని.

యాజమాన్యాలు రెండు విషయాల్లో బేరం ఆడకూడదు. కౌంటర్లో ఉన్నవాళ్లకు కూడా రేబిస్ టీకా ముందస్తుగా వేయించాలి. బుట్ట ఎత్తేది, గొలుసు పట్టుకునేది, కరిపించుకునేదీ వాళ్లే కదా. రెండోది, రాత్రి షిఫ్టులో ఒక్కరినే ఉంచకూడదు. తాగి వచ్చి గొడవ చేసేవాళ్లు ఉంటారు. షిఫ్టు దిగేసరికి బస్సులు ఉండవు. ఇంటికి చేర్చే ఏర్పాటు ఆసుపత్రి ఖర్చులో భాగం కావాలి.

మనవైపు నుంచి చేయగలిగింది కూడా ఉంది. ఫోన్ చేసేటప్పుడు ఏ జంతువు, వయసెంత, ఆడా మగా, ఎప్పటినుంచి, ఏం తింది, ఇప్పటికే ఏం వేశారు అన్నవి చెబితే సగం పని తప్పుతుంది. ఫోన్ ఇంట్లో నలుగురి చేతులూ మారకుండా, పశువు పక్కనే నిలబడిన ఒక్కరే మాట్లాడాలి. ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది. ఫోన్లో సలహా చెప్పిన మనిషికి తర్వాత ఏమైందో చాలాసార్లు తెలియదు. మగపిల్లి బతికిందా, ఆవు లేచిందా, తెల్లారేదాకా ఆగొచ్చని తాను చెప్పిన మాట సరైనదేనా అన్నది తెలియకపోతే ఆమె నేర్చుకునేదెలా? మర్నాడు ఒక్క ఫోన్ చేసి చెప్పండి. అంతకంటే మంచి పద్ధతి, ఆసుపత్రులే రాత్రి వచ్చిన ఫోన్లన్నీ ఒక పుస్తకంలో రాసి, పొద్దున తిరిగి ఫోన్ చేసి ఫలితం పక్కనే నమోదు చేయడం. నెలకోసారి డాక్టరు, రిసెప్షనిస్టు కలిసి కూర్చుని ఆ పుస్తకం చదువుకుంటే, ఏ ప్రశ్న ఎక్కడ అడగడం మరిచారో, ఏది అడిగి ఎవరిని నిలబెట్టారో ఇద్దరికీ తెలుస్తుంది.