సవరణ: నాలాల్లో సెన్సర్ల గురించి

వరంగల్ నాలాలపై నీటిమట్టం కొలిచే సెన్సర్లు అమర్చితే ‘ముంపు తప్పుతుంది’ అని గత వ్యాసంలో వచ్చిన మాటను ‘ముంపు ముప్పు ముందుగా తెలుస్తుంది’ అని చదువుకోవలసిందిగా మనవి. వంతెన కింద బిగించిన అల్ట్రాసోనిక్ సెన్సర్ ధ్వని తరంగాన్ని కిందికి పంపి, అది నీటిని తాకి తిరిగి రావడానికి పట్టిన సమయాన్నిబట్టి మట్టాన్ని లెక్కగడుతుంది. పైన చెత్త తేలుతుంటే ఆ చెత్త ఎత్తునే నీటిమట్టంగా చూపే అవకాశం ఉంది కనుక, సెన్సర్లు వచ్చినా చెత్తా పూడికా తీసే పారిశుద్ధ్య కార్మికులు అవసరమే. 2016లో స్మార్ట్ సిటీల జాబితాలో చేరిన ఈ నగరంలోనే 2023 జూలై వానలకు భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఇక హెచ్చరికలంటే ఫోన్ యాప్ మాత్రమే కాదు. లోతట్టు కాలనీల్లో తెలుగులోనూ ఉర్దూలోనూ మైకులో చెప్పించడం కూడా అందులో భాగమేనని గమనించగలరు.