వంద రెట్ల జూమ్ గారికి పులికాట్ గట్టు నుంచి

మహారాజశ్రీ సెల్‌ఫోన్ 100 రెట్ల జూమ్ గారికి, సూళ్ళూరుపేట–శ్రీహరికోట రోడ్డు మీద పిట్టలు చూసేవాళ్ళం నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. కుశలమంతా తమవైపే ఉందిలెండి.

మే నెలలో తమరు తిరుపతిలో తీరిగ్గా టిఫిన్ చేసి తొమ్మిదింటికి బయల్దేరతారు. శ్రీకాళహస్తిలో ఒక టీ, నాయుడుపేటలో ఇంకో టీ కానిచ్చి, పదకొండుకు పులికాట్ సరస్సు చేరి "ఏవీ రాజహంసలు?" అని అడుగుతారు. చలికాలపు పిట్టల జనం ఎప్పుడో సర్దుకుంది స్వామీ. నేలపట్టు పక్షుల అభయారణ్యంలోని గూడబాతులు కూడా పిల్లల్ని లేపుకొని పోయాయి. నీళ్ళు వెనక్కి తగ్గి, ఉప్పు పేరుకున్న బురద పైకి తేలే కాలమిది. ఆ కాలిన నేలను ఆనుకున్న గాలి ఒక వేడిలో, దాని పైనున్నది ఇంకో వేడిలో ఉంటాయి. వెలుతురు వాటి మధ్య వంకర్లు పోయి కంటికి చేరుతుంది. తమరు పిట్టను ఎన్ని రెట్లు పెంచితే ఆ వణుకూ అన్ని రెట్లు పెరుగుతుంది. దూరాన నిలబడ్డ ఎర్రకాళ్ళ కొంగ తమ తెరమీద ఉప్మా ముద్దయి కూర్చుంటుంది.

అసలు తమ లోపల అద్దాలు చేసే పని మూడు రెట్లో, ఐదు రెట్లో. ఆపైన జరిగేదంతా ఉన్న బొమ్మను కోసి సాగదీయడం, చాలనిచోట సాఫ్ట్‌వేర్ తోచినట్టు ఈకలు అతికించడం. కెంటిష్ ప్లోవర్ అనే చిన్న బురదపిట్టకు మెడకింద పట్టీ రెండు పక్కలా వచ్చి మధ్యలో ఆగిపోతుంది. దాని చుట్టం లిటిల్ రింగ్డ్ ప్లోవర్‌కు చుట్టూ కలుస్తుంది, కంటి చుట్టూ పసుపు వలయం కూడా ఉంటుంది. పిట్ట పేరు తేలేది ఆ కాస్త ఎడంలోనే. తమరేమో ఉదారంగా ఆ పట్టీని కలిపేస్తారు! తోక చీలి ఉన్న మామూలు గద్దను కూడా తమ ఫొటో చూసి గరుడపక్షి అని దండం పెట్టినవాళ్ళున్నారు. గరుడపక్షికి తోక గుండ్రం, తల, రొమ్ము తెలుపు, మిగతా ఒళ్ళు ఇటుకరంగు.

ఇంతవరకైతే నవ్వుకొని ఊరుకునేవాళ్ళం. బొమ్మ ముద్దయ్యేసరికి తమ యజమాని రోడ్డు గట్టు దిగుతాడు చూడండి, అక్కడే మాకు కడుపు మండుతుంది. తీతువు, పొడుగు కాళ్ళ స్టిల్ట్, కెంటిష్ ప్లోవర్ ఎండాకాలంలో గుడ్లు పెట్టేది ఆ బయటి నేలమీదే. గూడంటూ ఉండదు. చిన్న గుంట, నాలుగు రాళ్ళముక్కలు, మట్టిరంగు మచ్చల గుడ్లు, అంతే. తల్లి నీళ్ళలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లమీద కూర్చుంటుంది, చల్లబరచడానికి. మనిషి దగ్గరికొస్తే లేచి నెత్తిమీద తిరుగుతూ అరుస్తుంది. అరుస్తున్నంతసేపూ గుడ్లు నేరుగా ఎండలో ఉంటాయి, కాకి పక్కనే కాచుకుంటుంది. తీతువు కూస్తే మనకు అపశకునమట! వచ్చిన అపశకునం ఎవరో దానికి బాగా తెలుసు.

మరి ఎలా చూడాలంటారా? తిరుపతిలో నాలుగుకు ముందే బండి తీయాలి. మేలో సూర్యుడు ఇంచుమించు ఐదూ నలభై ఐదుకు వస్తాడు, వచ్చేది శ్రీహరికోట వైపు నుంచే. సూళ్ళూరుపేటలో మొదలుపెట్టి చూస్తూ పోతే ఎండ కళ్ళల్లో కొట్టి ప్రతి పిట్టా నల్లగా కనిపిస్తుంది. ముందు అదే రోడ్డు మీద శ్రీహరికోట వైపున్న అటకానితిప్ప దాకా ఆగకుండా పోయి, వెనక్కొస్తూ చూడాలి. ఎనిమిదిన్నరకల్లా ఆట ముగిసినట్టే.

చేతిలో 8×42 బైనాక్యులర్ చాలు. 8 రెట్లు, ముందరి అద్దం 42 మిల్లీమీటర్లు. 42ను 8తో భాగిస్తే కంటికందే వెలుగు వెడల్పు 5.25 మిల్లీమీటర్లు, తెల్లవారుజాముకు బాగా సరిపోతుంది. కుడికన్ను మూసి, దూరపు స్తంభాన్ని ఎడమకంటితో నడిమి చక్రం తిప్పి తేటపరచాలి. తర్వాత ఎడమకన్ను మూసి, కుడి గొట్టం దగ్గరి రింగు తిప్పి అదే స్తంభాన్ని తేటపరచాలి. ఆ రింగు మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు. ఇది చెయ్యకుండా తలనొప్పని ఫిర్యాదు చేసేవాళ్ళే ఎక్కువ. కళ్ళజోడు ఉంటే రబ్బరు కప్పులు కిందికి దించాలి. అద్దంమీద ఉప్పుతుంపర, ఇసుక పడితే చొక్కా అంచుతో రుద్దకండి, గీతలు పడతాయి. ముందు ఊది ఇసుక పోగొట్టి, ఆపైనే మెత్తటి గుడ్డ.

తమకూ ఒక ఉద్యోగం ఉంది, బాధపడకండి. బైనాక్యులర్ కంటి గొట్టానికి ఫోన్ కెమెరాను ఆనించి, తమరు 1 రెట్టు దగ్గర కదలకుండా నిలబడితే ఆ 8 రెట్లూ నిజమైన అద్దాలే చూసుకుంటాయి. అంచులు నల్లగా వస్తే ఫోన్‌ను ముందుకో వెనక్కో కాస్త జరపాలి. కాళ్ళ రంగు, ముక్కు పొడవు, మెడ పట్టీ తెలిస్తే చాలు, గోడకు తగిలించుకునే బొమ్మ అక్కర్లేదు. పని కాగానే నీడలో పెట్టించుకోండి, లేకపోతే వేడెక్కి తమరే ముందు మూతబడతారు.

ఇట్లు,
గట్టు దిగనివాళ్ళం