ముక్కు కొసన సర్జరీ

ఎంబీబీఎస్ మొదటి ఏడాది, చేతికి వెళ్లే నరాల అల్లిక బ్రేకియల్ ప్లెక్సస్ బొమ్మ తప్పుల్లేకుండా గీశానని, నా బ్రాంచ్ న్యూరాలజీ అనుకున్నాను. సైకియాట్రీ పోస్టింగ్ పడగానే సైకియాట్రీ. పిల్లల వార్డులో ఒక పసివాడు నా స్టెతస్కోపు లాక్కుని వదలకపోయేసరికి పీడియాట్రిక్స్ ఖాయం చేసేశాను. మొన్నటిదాకా మాత్రం సర్జరీ.

మొన్న లాపరోస్కోపీలో, అంటే చిన్న రంధ్రంలోంచి కడుపులోకి కెమెరా పంపి, గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీస్తూ నన్ను ఆ కెమెరా పట్టుకోమన్నారు. స్క్రబ్ అయ్యాను (చేతులు శుభ్రంగా కడుక్కోవడమన్నమాట), గౌను, గ్లౌజులు, అన్నీ సవ్యంగానే జరిగాయి. అప్పుడు కళ్లజోడు జారడం మొదలైంది.

గౌను వేసుకున్నాక క్రిములు అంటకుండా చేతులు నడుముకి పైన, భుజాలకి కింద ఉండాలి. మొహం ఆ సరిహద్దుకి అవతలి దేశం. పైగా మాస్కులోంచి ఊపిరి పైకి తన్ని అద్దాలు మసకబారాయి. కడుపులోని వెచ్చదనానికి కెమెరా లెన్సు కూడా మసకబారుతుంది. దాన్నయితే బయటికి తీసి, వేడినీళ్లలో ముంచి, తుడిచి, మర్యాదగా మళ్లీ లోపలికి పంపుతారు. నా అద్దాలకి ఆ యోగం లేదు. జారుతున్నకొద్దీ తల వెనక్కి వాల్చాను. తలతోపాటు, నాకు తెలియకుండానే, చేతిలో కెమెరా కూడా కదిలింది. తెర మీద గాల్‌బ్లాడర్ మాయమై కడుపు గోడ ప్రత్యక్షమైంది.

"హొరైజన్!" అన్నారు ఆపరేషన్ చేస్తున్న సర్. తెర మీద బొమ్మ వంకరపోకుండా చూడమని.

సరిచేశాను. అద్దాలు ఇంకో పిసరు దిగాయి. సరిగ్గా అప్పుడే, గాల్‌బ్లాడర్ పక్కనుండే త్రికోణం గురించి ప్రశ్న: "కాలోట్స్ ట్రయాంగిల్ పై అంచు ఏంటి?"

"సిస్టిక్ ఆర్టరీ సర్."

"లివర్!"

ఆ త్రికోణానికి పేరిచ్చిన కాలో మహాశయుడు స్వయంగా చెప్పింది సిస్టిక్ ఆర్టరీయే, అంటే గాల్‌బ్లాడర్‌కి రక్తం తెచ్చే ధమనే. దాన్ని లివర్ దాకా జరిపింది తర్వాతివాళ్లు. కానీ కళ్లజోడు ముక్కు కొసన వేలాడుతుంటే వాదన ఎవరు వింటారు?

చివరికి సిస్టర్‌ని పిలిచాను. రిజిస్టర్ రాసుకుంటున్న ఆవిడ ముందు "చెయ్యి పెట్టకు!" అని అరిచింది. నేను పెట్టనేలేదు! తర్వాత వచ్చి, కళ్లజోడు పైకి తోసి, మళ్లీ జారకుండా నుదుటికి ప్లాస్టర్ వేసింది. ఎడమ కనుబొమ్మతో సహా. మాస్కు పై అంచుకి ముందే టేపు అంటించుకుంటే అద్దాలు మసకబారవట. ముంజేతిలోని ప్రతి కండరం పేరూ బట్టీ పట్టించినవాళ్లకి ఈ ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదు.

కుట్లయ్యాక గ్లౌజులు విప్పుతూ సర్ అడిగారు, "ఏ బ్రాంచ్ తీసుకుందామనీ?"

"రేడియాలజీ సర్."

"మంచిది," అన్నారు. కాసేపు ఆలోచించినట్టయినా నటించాల్సింది.