నట్టల మందు మందకంతా ఒకేసారి పట్టించడం ఇక ఆపాలి

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ హిందూపురం, బాగేపల్లి, చింతామణి వైపు సొంత పొలంలో గొర్రెల షెడ్డు వేసిన తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. శని, ఆదివారాలు వెళ్లి చూసుకుంటారు, మిగతా రోజులు ఫోన్‌లోనే నడిపిస్తారు. కొత్తగా దిగినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: కడుపులో పురుగులు పోవడానికి పట్టించే నట్టల మందు ఏది మంచిది, ఎన్ని నెలలకోసారి పట్టించాలి? జవాబూ ఎప్పుడూ ఒకటే వస్తుంది. మూడు నెలలకోసారి మందలో ప్రతి గొర్రెకూ పట్టించేయండి, ఈసారి ఆల్బెండజోల్ అయితే వచ్చేసారి ఐవర్‌మెక్టిన్. మందుల షాపులో, సంతలో, యూట్యూబ్‌లో ఇదే మాట. ఈ సలహా తప్పని నా అభిప్రాయం. ఇలాగే సాగితే నిజంగా అవసరం పడిన రోజున పనిచేసే మందు మన చేతిలో ఉండదు.

ఇది నాలుగు షెడ్ల సమస్య కూడా కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో 7.43 కోట్ల గొర్రెలుంటే తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు, కర్ణాటకలో 1.11 కోట్లు ఉన్నాయి. ఈ మూడు రాష్ట్రాలు కలిపితే దేశంలోని ప్రతి 100 గొర్రెల్లో 64 ఇక్కడే మేస్తున్నాయి. ఇక్కడ మందులు చెడిపోతే నష్టపోయేది కురుబ, గొల్ల, కురుమ కుటుంబాలు. సాఫ్ట్‌వేర్ జీతం వెనక ఉన్నవాళ్లు తట్టుకుంటారు, మంద మీదే బతికేవాళ్లు తట్టుకోలేరు.

నట్టల్లో చాలా రకాలున్నాయి, అన్నీ ఒకే స్థాయి ప్రమాదం కావు. పెంటికల్లో తెల్లగా అన్నం మెతుకుల్లా పడే బద్దె పురుగు ముక్కల్ని చూసి అందరూ కంగారు పడతారు. నిజానికి పెద్ద గొర్రెకు దానివల్ల జరిగే హాని తక్కువ. ప్రాణం తీసేది పెంటికల్లో కంటికి కనపడదు. దాని పేరు హిమాంకస్. గొర్రె నాలుగో కడుపులో గోడకు పట్టుకుని రక్తం తాగుతుంది. ఆడ పురుగు రెండు, మూడు సెంటీమీటర్ల పొడవుంటుంది. రక్తంతో నిండిన పేగు ఎర్రగా, దాన్ని పెనవేసుకున్న గర్భాశయం తెల్లగా మెలికలు తిరిగి కనిపిస్తాయి. చచ్చిన గొర్రె కడుపు కోసి చూసినవాళ్లకు ఇది బాగా గుర్తుంటుంది. ఒక్కో పురుగు రోజుకు దాదాపు 0.05 మిల్లీలీటర్ల రక్తం తీస్తుంది. వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. 30 కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమంతా కలిపితే రెండు లీటర్లు. ఇన్ని పురుగులు పడితే ఆ గొర్రె ఎన్నాళ్లు నిలబడుతుందో లెక్క వేసుకోవచ్చు.

ఇంకో చిక్కు ఏమిటంటే ఈ పురుగు పడితే సాధారణంగా పారుడు (విరేచనాలు) ఉండదు. పారుడు లేదు కాబట్టి నట్టలు లేవనుకుంటారు. గొర్రె మేత తింటూనే ఉంటుంది, నాలుగడుగులు వేసి ఆగిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది, ఒకరోజు తెల్లారేసరికి పడి ఉంటుంది.

ఒక ఆడ పురుగు రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో నేల మీద పడి, వెచ్చదనం, తడి రెండూ ఉంటే వారం లోపే గొర్రెకు అంటుకునే పిల్ల పురుగులవుతాయి. గడ్డి పరక మీద మంచు తడి పట్టుకుని పైకి పాకుతాయి. ఎక్కువ భాగం నేల నుంచి నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటాయి. అందుకే పొట్టి గడ్డిని మొదలంటా కొరికే గొర్రెకు ఎక్కువగా అంటుతాయి, పొదలమీద పైపైన ఆకు తెంపుకునే మేకకు తక్కువ. మంచు ఆరాక మందను వదలాలని పెద్దవాళ్లు చెప్పే మాటలో ఈ లెక్క ఉంది. గొర్రె మింగిన పిల్ల పురుగు మూడు వారాల్లో పెద్దదై మళ్లీ గుడ్లు పెడుతుంది. అంటే వానాకాలంలో దాని తరాలు నెల తిరక్కుండానే మారిపోతున్నాయి. మందుకు అలవాటు పడటానికి ఇంతకంటే అనువైన జీవి ఉండదు.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ఆల్బెండజోల్ కుటుంబంలో మొదటి మందు థయాబెండజోల్ 1961లో వచ్చింది. 1964కల్లా అమెరికాలో దానికి లొంగని హిమాంకస్ కనిపించింది. మన దేశంలో మొదటి నివేదిక 1976 నాటిది. ఐవర్‌మెక్టిన్ 1981లో మార్కెట్‌లోకి వచ్చింది, దాన్ని కనుగొన్న విలియం క్యాంప్‌బెల్, సతోషి ఒమురాలకు 2015లో నోబెల్ బహుమతి దక్కింది. అంత గొప్ప మందుకు కూడా పదేళ్లు తిరక్కుండానే దక్షిణాఫ్రికా గొర్రెల్లో ఈ పురుగు ఎదురు నిలిచింది. మనవాళ్లు మందు మార్చామని చెప్పేటప్పుడు చాలాసార్లు మారింది సీసా మాత్రమే. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్, ఆక్స్‌ఫెండజోల్ ఒకే కుటుంబం. ఒకదానికి లొంగని పురుగు మిగతావాటికీ దాదాపుగా లొంగదు.

మందకంతా ఒకేసారి పట్టిస్తే తప్పేమిటో ఇక్కడే అర్థం చేసుకోవాలి. మందు పడ్డాక కడుపులో బతికి ఉండేవి ఆ మందుకు లొంగని పురుగులు మాత్రమే. మూడు వారాల పాటు నేల మీద పడే గుడ్లన్నీ వాటివే. వేసవిలో బీడు ఎండిపోయి, నేల మీద పిల్ల పురుగులు దాదాపు లేనప్పుడు ఈ పని చేస్తే ఇంకా చేటు. తొలకరి తర్వాత పుట్టే తరం మొత్తం మొండి పురుగుల సంతానమే అవుతుంది. కొన్ని గొర్రెలకు మందు పట్టించకుండా వదిలేస్తే వాటి కడుపులోని మామూలు పురుగులు కూడా గుడ్లు పెడతాయి, మొండి పురుగులతో కలుస్తాయి, మందుకు లొంగే గుణం మందలో నిలిచి ఉంటుంది. పురుగుల్ని కావాలని వదిలేయమంటే ఏ రైతుకైనా మనసొప్పదు. అయినా ఇరవై ఏళ్లకు పైగా గొర్రెల పరాన్నజీవుల శాస్త్రం మొత్తం ఈ ఒక్క విషయం చుట్టూ నడుస్తోంది.

దీనికి కలిసొచ్చే విషయం ఒకటుంది. పురుగులు మందలో సమానంగా పంచుకుని ఉండవు. దాదాపు 80 శాతం పురుగులు 20, 30 శాతం గొర్రెల్లోనే ఉంటాయి. ఆ కొద్దింటిని పట్టుకుని మందు పట్టిస్తే చాలు. పట్టుకోవడానికి దక్షిణాఫ్రికా పశువైద్యులు 1990లలో ఒక దారి చూపించారు. కంటి కింది రెప్పను వేలితో కొద్దిగా వంచి లోపలి పొర రంగు చూడటం. ముదురు ఎరుపు నుంచి పాలిపోయిన తెలుపు దాకా అయిదు రంగులున్న అట్ట ఒకటి పక్కన పెట్టి పోల్చుకుంటారు. ఫమాచా అట్ట అంటారు దాన్ని. మొదటి రెండు రంగులైతే మందు అక్కర్లేదు. నాలుగు, అయిదు అయితే వెంటనే పట్టించాలి. మూడో రంగు దగ్గర ఆలోచించాలి: పిల్ల, చూడిది, ఈనినది, బక్కగా ఉన్నది అయితే పట్టించడం మంచిది. వానాకాలంలో రెండు వారాలకోసారి చూడాలి, ఎండాకాలంలో నెలకోసారి చాలు. అలవాటైన చేతికి ఒక్కో గొర్రెకు అర నిమిషం కూడా పట్టదు.

ఈ పద్ధతి రక్తం తాగే పురుగుకు మాత్రమే సరిపోతుంది, అన్ని నట్టల్నీ ఇది పట్టుకోదు. కాలేయపు జలగ (కాలేయంలో చేరే చదునైన పురుగు, చెరువు జలగ కాదు) వల్ల కూడా రెప్ప తెల్లబడుతుంది, దానికి మందు వేరు. పొట్టలో పట్టే జలగల పిల్లలు కంపు కొట్టే పారుడు తెస్తాయి, అప్పుడు రెప్ప చూస్తే ఏమీ తేలదు. అందుకే పెంటికల పరీక్ష తప్పదు.

బెంగళూరు చుట్టూ ఈ జలగల సంగతి ఈమధ్య నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. 2018 నుంచి నగరం మురుగునీటిని శుద్ధి చేసి కోరమంగళ–చల్లఘట్ట లోయ పథకం కింద కోలారు చెరువులకు పంపుతున్నారు. దాని సామర్థ్యం రోజుకు 44 కోట్ల లీటర్లు. హెబ్బాళ–నాగవార లోయ నుంచి చిక్కబళ్లాపురం వైపు మరో 21 కోట్ల లీటర్ల పథకం ఉంది. ఏళ్ల తరబడి ఎండిన చెరువుల్లో నీళ్లు నిలిచాయి, బోర్లు లేచాయి, రైతులు సంతోషించారు. ఆ నీటి నాణ్యత మీద చర్చ చాలా జరిగింది. గొర్రెల గురించి మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు. జలగ పిల్లలు పెరగడానికి నత్త కావాలి, నత్తకు ఏడాది పొడవునా తడి ఉండే అంచు కావాలి. మునుపు మార్చికల్లా పగుళ్లిచ్చే చెరువు అంచులో ఇప్పుడు మే నెలలో కూడా పచ్చగడ్డి ఉంటుంది, ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు మన కాపరులు మందను అక్కడికే తోలతారు. ఎండకు చావాల్సిన పిల్ల పురుగులు కూడా ఆ తడిలో బతుకుతాయి. మేత మారింది, నీటి కాలం మారింది, నట్టల మందు క్యాలెండర్ మాత్రం పాతదే. యలహంకలోని పశువ్యాధుల సమాచార సంస్థ ‘నివేది’ (NIVEDI) ఏ జిల్లాలో ఏ వ్యాధి రావచ్చో నెలల ముందే సూచనలు ఇస్తుంది. ఆ జాబితాలో జలగ వ్యాధి ఉంది. వాననుబట్టి హిమాంకస్‌కు కూడా అలాంటి సూచన తాలూకా స్థాయిలో, కన్నడంతోపాటు తెలుగులోనూ ఇస్తే కోలారు నుంచి అనంతపురం దాకా ఉపయోగపడుతుంది.

ఇక షెడ్డు పెట్టిన మన నగరవాసుల విషయం. నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున చెక్క పలకలో ప్లాస్టిక్ పలకలో వేసి, కోసి తెచ్చిన మేత వేసే షెడ్డులో గొర్రె నోటికి పిల్ల పురుగు అందే దారి దాదాపు మూసుకుపోతుంది. అక్కడ మూడు నెలలకోసారి మందు పట్టించడం డబ్బు దండగ, పైగా చేటు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉండాలి: షెడ్డు కింది పచ్చి పెంటను నేపియర్ మళ్లలో వేసి, అదే గడ్డిని మంచుతో తడిగా ఉండగా మొదలంటా కోసి వేస్తే మూసిన దారిని మనమే తెరిచినట్టు. ఇరుకు షెడ్డులో రెండు, మూడు నెలల పిల్లలకు పారుడు పట్టి చిక్కిపోతుంటే తరచు కారణం కాక్సిడియా అవుతుంది. అది పురుగు కాదు, పేగుల్లో పెరిగే ఏకకణ జీవి. ఆల్బెండజోల్ దానిమీద పనిచేయదు. నట్టల మందు మీద నట్టల మందు పట్టించి పిల్లలు పోయాక డాక్టర్‌ను పిలిచే పరిస్థితి ఇక్కడే వస్తుంది.

మోతాదు విషయంలో జరిగే తప్పులు వేరు. 20 కిలోల పిల్లకూ 45 కిలోల పొట్టేలుకూ సీసా మూతతో ఒకే కొలత పోస్తారు. పెద్దదానికి చాలని మోతాదు పడుతుంది, పురుగుకు చావకుండా మందు రుచి చూపించినట్టవుతుంది. అలాగని అందరికీ ఎక్కువ పోయడానికీ లేదు. లెవామిసోల్ మోతాదు మించితే వణుకు, చొంగ, ఒక్కోసారి చావు. క్లోసాంటెల్ మించితే చూపు పోతుంది. చూలు నిలిచిన మొదటి నెలలో ఆల్బెండజోల్ పిండానికి మంచిది కాదు. వేలాడే తూకం ఒకటి కొని, సైజును బట్టి గుంపులు చేసి, ప్రతి గుంపులో బరువైన గొర్రె లెక్కన పోయడం సరైన దారి. మందు నాలుక మొదట్లో పడేలా మెల్లగా పోయాలి, తల మరీ పైకెత్తితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నాతో విభేదించేవాళ్లు అడిగే ప్రశ్నలో న్యాయముంది. రెండు వందల గొర్రెల్ని తోలుకుని ఊరూరా పొలాల్లో మంద కట్టుకుంటూ తిరిగే కాపరి ప్రతిదాని రెప్పా చూస్తూ కూర్చోగలడా? ప్రభుత్వం ఉచితంగా మందు పోస్తుంటే వద్దని ఎలా అంటాడు? సామూహిక నట్టల నివారణ కార్యక్రమం ఎన్నో గొర్రెల్ని కాపాడింది, దాన్ని ఎత్తేయమని నేనడగను. వానలకు ముందు ఒకటి, వానల మధ్యలో ఒకటి ఉండనివ్వండి. అయితే మందలో బలంగా, ఎర్రటి రెప్పతో ఉన్న కొన్నింటినైనా వదిలేయమని కాపరికి చెప్పాలి. చెప్పడానికి ముందు నమ్మకం కలిగించాలి. బలంగా ఉన్న గొర్రె ఏదో, నీరసించింది ఏదో వందలో కూడా దూరం నుంచే గుర్తుపట్టగల మనిషి అతను. అతని చేతిలో అట్ట పెడితే పట్టణంలో చదువుకున్నవాళ్లకంటే తొందరగా నేర్చుకుంటాడు.

మందు కాని దారుల్లో నేను ఎక్కువ విలువిచ్చేది మేతకు. మాంసకృత్తులు బాగా అందిన గొర్రె పురుగులున్నా తట్టుకుంటుంది. ఈనే ముందు, ఈనిన తర్వాత తల్లిలో గుడ్ల సంఖ్య బాగా పెరుగుతుంది, ఆ రోజుల్లో గుప్పెడు నూనెగింజల చెక్క, అనంతపురం వైపైతే వేరుశనగ కట్టె వేయడం మందుతో సమానం. వేపాకు మీద చాలామందికి నమ్మకం ఉంది, గొర్రెల మీద జరిగిన పరీక్షల్లో ఫలితాలు నిలకడగా రాలేదు. ఆస్ట్రేలియాలో 2014లో హిమాంకస్‌కు టీకా వచ్చింది, ఆరు వారాలకోసారి వేస్తూ ఉండాలి, తిరుగుడు మందలకు అది కుదిరే పని కాదు. పొట్టేలు ఎంపిక మాత్రం అందరి చేతిలో ఉన్నది. సుందర్బన్ గారోల్ గొర్రె ఈ పురుగును తట్టుకోవడంలో పేరు పొందింది, ఆ గుణం కొంతవరకు సంతానానికి వస్తుంది. ఏడాదంతా మందు అవసరం పడని పొట్టేలును విత్తనానికి ఉంచుకుంటే మందు ఖర్చు తరానికి కొంత తగ్గుతుంది. బక్రీద్ ముందు చామరాజపేట ఈద్గా మైదానం దగ్గర మంచి ధర వస్తుందని ముందుగా అలాంటి పొట్టేళ్లనే అమ్మేస్తున్నారు.

సంత నుంచి కొత్తగా కొన్న గొర్రెల్ని తిన్నగా మందలో కలపడం వెంటనే మానాల్సిన పని. ఎవరి మందలోని మొండి పురుగులో వాటితో వస్తాయి. రెండు వారాలు విడిగా కట్టేసి, వేర్వేరు కుటుంబాలకు చెందిన రెండు మందులు పట్టించి, పరీక్ష అయ్యాక వదలాలి. కొత్తగా వచ్చినవాటి విషయంలో మాత్రం అన్నింటికీ మందు పడాల్సిందే.

తాలూకా పశువుల ఆసుపత్రికి దీనికి కావాల్సింది ఒక మైక్రోస్కోపు, గుడ్లు లెక్కపెట్టే మెక్‌మాస్టర్ స్లైడు, చిక్కటి ఉప్పునీళ్లు, నేర్పిన మనిషి ఒకరు. బెంగళూరులో ఉన్నవాళ్లకు హెబ్బాళ పశువైద్య కళాశాల అందుబాటులో ఉంది. మందు పట్టించే రోజు పది, పదిహేను గొర్రెల పెంటికలు, మళ్లీ 10 నుంచి 14 రోజులకు అవే గొర్రెల పెంటికలు పరీక్ష చేయించి గుడ్ల సంఖ్య పోల్చండి. 95 శాతానికి తక్కువ తగ్గితే ఆ మందు మీ మందలో చెడిపోతున్నట్టే. పెంటికలు నేల మీద ఏరకుండా తొడుగు వేసుకున్న వేలితో గొర్రె నుంచే తీసి, ఒక్కో గొర్రెకు ఒక్కో కవరులో గాలి లేకుండా కట్టి, నంబరు రాసి, ఐస్ డబ్బాలో అదే రోజు చేర్చాలి. ఎండలో కారు డిక్కీలో మర్నాటిదాకా ఉంచితే గుడ్లు పొదిగి, లెక్క తక్కువ వచ్చి, చెడిపోయిన మందు కూడా బాగా పనిచేసినట్టు కనిపిస్తుంది.